ఆత్మకు లెక్క: యూదుల శీలశిక్షణ

ధర్మమును తెలిసికొనుట ఒకటి. అది స్వభావమగుట వేరొకటి. గీతయందలి దైవీసంపద్విభాగమును కంఠస్థము చేసినవాడును పారాయణము ముగియగానే ఇంటివారిపై కసరుకొనుట మనము చూచుచునే యున్నాము. ఈ దూరమును తగ్గించుటెట్లు? యూదుల సంప్రదాయమునందు ‘మూసార్’ అనబడు శీలశిక్షణ ఈ ప్రశ్ననే చేపట్టినది.

1808లో మెనాహెమ్ మెండెల్ లెఫిన్ అను యూదు పండితుడు ‘హెష్బోన్ హనెఫెష్’ అను గ్రంథమును ప్రకటించెను. ‘ఆత్మకు లెక్క’ అని దాని యర్థము. అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ అవలంబించిన పద్ధతిని ఆయన తన ధర్మమునకు అనువుగా మలచుకొనెను. అందు ఓర్పు, వినయము, సత్యము, మౌనము మున్నగు 13 గుణములు కలవు. వారమున కొక్క గుణమునే సాధింపవలెను. ప్రతిదినము ఆ గుణమునందలి లోపములను పట్టికలో గుర్తింపవలెను. 13 వారముల కొక ఆవృత్తి. ఏడాదికి నాలుగు ఆవృత్తులు. పిమ్మట లిథువేనియాలో రబ్బీ ఇజ్రాయేల్ సలాంటర్ (1809–1883) ఈ శిక్షణను ఒక ఉద్యమముగా నడపెను.

దీనికి అరణ్యవాసము అక్కరలేదు. జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమునే తీసికొందము. అచ్చట 1912లో తొలి ఉక్కు వెలువడినది. ఎనిమిది గంటల పనిదినమును ఆ యేడే ఏర్పడినది. తెలుగు కుటుంబములు పెక్కు ఆ పట్టణమున స్థిరపడినవి. రాత్రి షిఫ్టు ముగించి పగలు నిద్రించు కార్మికు డొకడు ఈ వారము ఓర్పును చేపట్టెననుకొనుడు. పిల్లల అల్లరికి గదమాయించినపుడెల్ల ఒక చుక్క పెట్టును. వారాంతమున చూడగా చుక్కలలో అధికభాగము ఇల్లు చేరిన తొలి గంటలోనివే! దోషము పుట్టు చోటు తెలిసినది. ఇక ఆ గంటలో మితముగా మాటలాడుట అతనికి సాధన. కొలిమిలో చిట్టెము పైకి తేలినగాని దానిని తీసివేయుట సాధ్యము కాదు కదా!

పట్టికలో గుర్తించుటతో పని ముగియదు. యూదులు యోమ్ కిప్పూర్ అను ప్రాయశ్చిత్త దినమున ఉపవసింతురు. అయినను, తోటివానికి చేసిన అపకారము అతనిని ప్రసన్నుని చేసికొననిదే ఉపవాసముచే తీరదని వారి ధర్మశాస్త్రము. ఈ ధర్మము మనకు మిక్కిలి దూరమైనదియు కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిమ్ అను తెలుగు యూదు సమాజము కలదు. మన జపమును అట్టిదే. తన క్రింద పనిచేయువాని మనస్సు నొప్పించి పూజకు కూర్చుండువాడు ముందు అతనియొద్దకు పోవలెను.

అయితే వేదాంతులకు ఒక సందేహము కలుగవచ్చును: నిత్యశుద్ధమగు ఆత్మకు లెక్క యేమి? నిజమే, ఆత్మకు మాలిన్యము లేదు. ఇచ్చట లెక్క అంతఃకరణమునకే. అద్దము తుడుచువాడు సూర్యుని తుడుచుట లేదు. ఈ యెరుక గలవాడు చుక్కలు పెరిగినపుడు క్రుంగడు, తగ్గినపుడు గర్వింపడు. రెంటిని భగవంతునకు సమర్పించి మరునాడు మరల ఆరంభించును.

సాధకుడు నేటి రాత్రియే ఒక్క గుణమును ఎన్నుకొనుగాక. అది తనకు ప్రియమైనది కాక, తన యింటివారు తనయందు లేదని బాధపడుచున్న గుణము కావలెను.