హాలీకి నీళ్లెక్కువైతే

ముందే చెప్పేస్తున్నా, ఇది రంగులు చల్లుకునే హోలీ గురించి కాదు. హాలీ అనే మొక్క గురించి. మన గుంటూరు ఎండల్లో బతికే రకం కాదు గానీ, మా అక్క పుణ్యమా అని నాకు దీనితో పరిచయమైంది. అక్కా బావా అమెరికాలో, నార్త్ కరోలినాలోని కేరీలో ఇల్లు కొనుక్కున్నారు. అక్కకి ఇంకా వర్క్ పర్మిట్ రాలేదు. పగలంతా ఒక్కతే. కిటికీల కింద వరసగా ఆరు హాలీలు నాటి వాటితోనే కాలక్షేపం చేసేది. ఏడాది తిరక్కుండా రెండు చచ్చిపోయాయి. ఫోన్‌లో గొంతు పూడుకుపోయింది దానికి.

అది నాటింది జపనీస్ హాలీ, శాస్త్రీయ నామం ఐలెక్స్ క్రెనాటా. అందులో 'హెలెరి' అనే పొట్టి రకం. మూడు నాలుగు అడుగులకి మించి పెద్దగా ఎదగదు, అదీ చాలా నెమ్మదిగా. ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. క్రిస్మస్ కార్డుల మీద ముళ్ల ఆకులు, ఎర్ర పండ్లతో కనిపించే హాలీ వేరు. దీని ఆకులు చిన్నవి, పండ్లు నల్లవి. పండ్లు తినకూడదు, చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. చూడ్డానికి అచ్చం బాక్స్‌వుడ్‌లా ఉంటుంది. తేడా తెలియాలంటే కొమ్మ పట్టుకుని చూడండి: బాక్స్‌వుడ్‌కి ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, హాలీకి ఒకటి ఇటు, ఒకటి అటు. 2011లో అమెరికాలో బాక్స్‌వుడ్‌కి బ్లైట్ తెగులు బయటపడ్డాక, దాని బదులు చాలామంది దీన్ని నాటుతున్నారు.

ఇక అసలు సంగతి. ఆకులు పసుపెక్కి వాడిపోతున్నాయని అక్క చెప్పగానే అమ్మ, "రోజూ ఒక బకెట్టు పొయ్యవే, ఎండకి తట్టుకోలేకపోతోందేమో" అంది. అక్క పోసింది. ఇంకా వాడిపోయాయి. ఇంకా పోసింది.

ఇక్కడే అందరం బోల్తా పడేది. వేళ్లకి నీటితో పాటు గాలి కూడా కావాలి. మట్టి రంధ్రాలన్నీ నీటితో నిండిపోతే ఆక్సిజన్ అందక వేళ్లు కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు. కాబట్టి నీళ్లలో మునిగిన మొక్క కూడా దాహంతో ఉన్న మొక్కలాగే వాడిపోయి కనిపిస్తుంది. ఆకుని చూసి నిర్ణయించకూడదు, మట్టిలో రెండంగుళాలు వేలు దింపి చూడాలి. చచ్చిన మొక్కని పీకమన్నాను. తెల్లగా ఉండాల్సిన వేళ్లు నల్లబడి ఉన్నాయి.

సివిల్ వాళ్లకి సాయిల్ మెకానిక్స్ ల్యాబులో చేసిన ఫాలింగ్ హెడ్ టెస్ట్ గుర్తుందా? నేను రికార్డు కాపీ కొట్టి పాసైన టెస్టు అది. అదే అక్క చేత పెరట్లో చేయించాను. అడుగు లోతు గొయ్యి తీసి, నిండా నీళ్లు పోసి ఇంకనిచ్చి, మళ్లీ నింపి, స్కేలుతో గంట గంటకీ కొలవాలి. గంటకి ఒకటి నుంచి మూడంగుళాలు దిగితే ఫరవాలేదు. బతికిన మొక్కల దగ్గర అంగుళంన్నర దిగింది. చచ్చిన చోట పావు అంగుళం కూడా దిగలేదు. అక్కడి నేల ఎర్ర బంకమట్టి. పైగా ఇంటి కప్పు మీద నుంచి వాన నీరు దిగే గొట్టం సరిగ్గా ఆ మూలకే తెరుచుకుంటోంది!

బావ ఆ గొట్టానికి ఇంకో ఆరడుగులు అతికించి నీటిని పక్కకి మళ్లించాడు. మిగిలిన నాలుగింటిని తీసి, వేరు ముద్ద నేలకన్నా రెండంగుళాలు ఎత్తుగా ఉండేలా మళ్లీ నాటారు. గొయ్యి వెడల్పు ముద్దకి రెండింతలు, లోతు మాత్రం ముద్దకన్నా ఎక్కువ ఉండకూడదు. పైన రెండు మూడంగుళాల పైన్ బెరడు కప్పారు, కాండానికి తగలకుండా. కొత్త మొక్కకి మొదటి ఏడాది వానతో కలిపి వారానికి అంగుళం నీరు చాలు.

మిగతావి చిన్న విషయాలే. దీనికి ఆమ్ల నేల ఇష్టం, ఆ విషయంలో కేరీ మట్టి మంచిదే. కానీ గోడ పునాది కాంక్రీటు నుంచి సున్నం దిగితే ఇనుము అందక లేత ఆకులు ఈనెలు తప్ప పసుపెక్కుతాయి, అందుకే గోడకి మరీ ఆనించి నాటొద్దు. కత్తిరింపు చలికాలం చివర్లో, కొత్త చిగుళ్లు రాకముందు. వేసవి పొడి ఎండల్లో నల్లి పడితే కొమ్మని తెల్ల కాగితం మీద దులపండి, కదిలే చుక్కలు కనిపిస్తాయి. గట్టిగా నీళ్ల పైపుతో ఆకుల అడుగున కొడితే చాలావరకు పోతుంది.

ఆ మూలలో మళ్లీ జపనీస్ హాలీయే పెడతానంది అక్క. వద్దన్నాను, వేరు కుళ్లు శిలీంధ్రం మట్టిలో ఉండిపోతుంది. బదులుగా ఇంక్‌బెర్రీ నాటించాను. అదీ హాలీయే, ఐలెక్స్ గ్లాబ్రా. అమెరికా తూర్పు తీరపు చిత్తడి నేలల్లో పుట్టింది కాబట్టి తడి దానికి కొత్త కాదు. రెండు వేశారు. మొన్న అక్క ఫొటో పంపింది, రెంటికీ చిగుళ్లు వచ్చాయి.