గేటుకు తాళం వేశాం, మరి తాళంచెవి ఎక్కడ?



దొంగల భయంతో మనం రాత్రిపూట గేటుకు తాళం వేస్తాం. కిటికీలకు గ్రిల్స్ పెట్టిస్తాం. అది అవసరమే. కానీ ఇంట్లో నిప్పు అంటుకుంటే ఆ తాళమే మనల్ని లోపల బంధిస్తుంది. ఈ రెండు ప్రమాదాల నుండి కుటుంబాన్ని కాపాడుకోవడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

మన సికింద్రాబాదులో జరిగినవి

2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో మంటలు లేచాయి. పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. కిందికి దిగే దారి మంటల వైపే ఉంది. బయటికి దూకిన ఒకరు మాత్రం బ్రతికారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి, ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి వ్యాపించి 8 మంది మరణించారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకు ఊపిరాడక 6 గురు యువతీ యువకులు చనిపోయారు.

మంట కంటే ముందు పొగే ప్రాణం తీస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. అది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవారు లేవకుండానే స్పృహ కోల్పోవచ్చు.

ఇంట్లో పాటించవలసినవి

1. గేటు తాళంచెవిని లోపల, అందరికీ తెలిసిన ఒకే చోట తగిలించండి. ఒక కిటికీ గ్రిల్ అయినా లోపలినుండి తెరుచుకునేలా చేయించండి.
2. మెట్ల మీద సామాన్లు పెట్టవద్దు. బయటికి వెళ్లే దారిలో ఎలక్ట్రిక్ స్కూటరు ఛార్జింగ్ పెట్టవద్దు.
3. పడుకునే ముందు గ్యాస్ రెగ్యులేటరు ఆపండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చినీ ముట్టుకోవద్దు. తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.
4. పొగ కమ్ముకుంటే నేలకు దగ్గరగా పాకుతూ బయటికి రండి. లిఫ్టు ఎక్కవద్దు. బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి. వస్తువుల కోసం మళ్లీ లోపలికి వెళ్లవద్దు.
5. కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి. గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయండి. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి పూయవద్దు. పొగ పీల్చినవారిని, ఒంటిమీద గాయం లేకపోయినా, ఆసుపత్రికి తీసుకురండి.

“మనకెందుకులే” అనవద్దు

పక్క సెల్లారులో సిలిండర్లు, రసాయనాల డ్రమ్ములు నిల్వ చేస్తున్నారా? ముందు యజమానితో మర్యాదగా మాట్లాడండి. వినకపోతే అగ్నిమాపక కేంద్రానికి, మున్సిపల్ కార్యాలయానికి వ్రాసి ఇవ్వండి.

దొంగతనం జరుగుతుంటే వెంటపడకుండా 100కు గాని 112కు గాని ఫోన్ చేయండి. సమయం, మనిషి పోలికలు, బండి నంబరు గుర్తుపెట్టుకోండి. దొంగతనం వంటి నేరాలకు, “మా పరిధి కాదు” అనకుండా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని 2024 జూలై 1 నుండి అమలైన చట్టం చెబుతోంది. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫోన్‌లో మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి తెలపండి.

ఈ రాత్రే చేయండి

ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. తాళంచెవి ఎక్కడుంది? రెండో దారి ఏది? అమ్మమ్మను, తాతయ్యను ఎవరు పట్టుకుని దింపుతారు? తరువాత లైట్లు ఆర్పి, ఒకసారి అందరూ బయటికి నడిచి చూడండి. ఎవరికి ఎక్కడ కాలు తగులుతుందో, అక్కడి సామాను రేపే తీసేయండి.