స్థిర విద్యుత్తు – రక్షణ పూతలు

చలికాలపు రాత్రి ఉన్ని కంబళి దులిపినపుడు చిటపటమను చప్పుడు మనమందరము ఎరిగినదే. రాపిడివలన పుట్టెడి ఈ స్థిర విద్యుత్తు మన వేలికి చురుక్కుమనవలెనన్న సుమారు 3,000 వోల్టులు ఉండవలెను. ఎలక్ట్రానిక్ చిప్పులలో కొన్ని 100 వోల్టుల లోపుననే చెడును. చెంగిచెర్లకు చేరువలో, 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా తయారుచేయు ఓటింగు యంత్రములు నడచునది చిప్పులతోనే. దెబ్బతిన్న చిప్పు వెంటనే ఆగిపోయినచో మేలే. పరీక్షలో గట్టెక్కి, నెలల పిమ్మట మొరాయించుటయే అసలు చిక్కు.

అందుచేత ఇట్టి పరిశ్రమలలో నేలకును బల్లలకును బొగ్గుపొడియో లోహపు పొడియో కలిపిన పూత వేసి, దానిని తీగతో భూమికి కలుపుదురు. తీగ లేనిచో పూత వృథా. చెరువునకు గండి పడుటకును తూము తీయుటకును ఎంత భేదమో, మెరుపువలె దుముకు విద్యుత్తునకును పూతగుండ మెల్లగా దిగు విద్యుత్తునకును అంత భేదము. గాలిలోని తేమను పట్టి పనిచేయు చౌకపూతలును కలవు. మన వేసవి పొడిగాలిలో అవి అంతగా కొరగావు, కడిగినచో పోవును.

పంచాయతీ కంప్యూటరునకు వచ్చు కొత్త సర్క్యూటు పలక, పలుచని లోహపు పొర గల వెండిరంగు సంచిలో ఉండును. ఆ సంచిని పారవేసి, పాత పలకను మామూలు పాలిథీనులో చుట్టి మరమ్మతునకు పంపుట మేము చూచితిమి. సభ్యులు ఆ సంచిని భద్రపరపించి, దానిలోనే పంపింపగోరెదము.