ఎన్‌పీటెల్: ఉచితం ఎంతవరకు?

స్వయం పోర్టల్లోని ఎన్‌పీటెల్ కోర్సులకు వీడియోలు, అసైన్‌మెంట్లు ఉచితం. ఫీజంతా సెంటర్‌కెళ్లి రాసే పరీక్షకే. సర్టిఫికెట్‌ మార్కుల్లో పరీక్షకి 75, అసైన్‌మెంట్లకి 25. పన్నెండు వారాల కోర్సైతే బాగా చేసిన ఎనిమిదే లెక్కలోకొస్తాయి.

ఆ 25 కోసం మనవాళ్లు టెలిగ్రామ్‌లో జవాబులు వెతుకుతారు, అదే నాకు వింత! లెక్చర్ వింటుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. ఎక్కడ ఆగిపోయామో లెక్క ముందు కూర్చుంటేనే బయటపడుతుంది. ఊరికే దొరికేవాటిలో అసలు విలువైంది అసైన్‌మెంటే.

మరి కాలేజీ మానేసి ఇవే చదివితే? చదువొస్తుంది, బీటెక్ పట్టా రాదు. యూజీసీ 2021 నిబంధనలు సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయనిస్తాయి. కానీ క్రెడిట్లు కలిపేది మన యూనివర్సిటీయే. పరీక్ష ఫీజు కట్టేముందే హెచ్‌వోడీ గారిని అడగండి: ఏ సబ్జెక్టుకి బదులు, ఎన్ని క్రెడిట్లు?