ముందు సర్టిఫికెట్ దాచుకో

స్వాతీ,

క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇంట్లో కంప్యూటర్‌లోనే పెట్టుకుని రిటర్నులు వేస్తున్నానని రాశావు. లాగిన్ పాస్‌వర్డ్ ఉందిగా, చాలదా అని అడిగావు. చాలదమ్మా. ఎవరైనా హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఆ పాస్‌వర్డ్ అడిగే దిక్కే ఉండదు. ఊరివాళ్లు నిన్ను నమ్మి ఇచ్చిన కాగితాలవి.

నీది విండోస్ ప్రో కాబట్టి, ఫైళ్లను కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చే (ఎన్‌క్రిప్ట్ చేసే) ఈఎఫ్‌ఎస్ అందులోనే ఉంది. హోమ్ ఎడిషన్‌లో అయితే దొరకదు. కొత్తగా ఒక ఫోల్డర్ తెరిచి, దాని ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, ఎన్‌క్రిప్ట్ గడిలో టిక్ పెట్టు. ఇకమీదట ఫైళ్లు అందులోనే తయారు చేసుకో. పాత ఫైలును తర్వాత ఎన్‌క్రిప్ట్ చేస్తే దాని మామూలు ప్రతి తాలూకు ఆనవాళ్లు డిస్కు ఖాళీ జాగాలో మిగిలిపోవచ్చు.

లోపల జరిగేది ఇది. ఒక్కో ఫైలుకు ఒక్కో కీ పుడుతుంది. ఆ కీని నీ పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ఫైలుతోనే ఉంచుతుంది విండోస్. విప్పాలంటే నీ ప్రైవేట్ కీ కావాలి, దానికి కాపలా నీ లాగిన్ పాస్‌వర్డ్. అందుకే లాగిన్ అయ్యాక నీకు ఏ తేడా కనిపించదు.

నాకు భయమున్నది ఇక్కడే. నీది లోకల్ ఖాతా. పాస్‌వర్డ్ మర్చిపోయావని తమ్ముడు అడ్మిన్ ఖాతాలోంచి రీసెట్ చేసినా, రిపేరు షాపులో విండోస్ ఉన్న భాగం చెరిపి మళ్లీ ఎక్కించినా ప్రైవేట్ కీ చేజారిపోతుంది. అలాంటప్పుడు డేటా డిస్కులో ఉన్నా, నొక్కితే యాక్సెస్ డినైడ్ అంటుంది. మైక్రోసాఫ్ట్‌వాళ్లు కూడా తెరవలేరు. కాబట్టి స్టార్ట్ మెనూలో ‘మేనేజ్ ఫైల్ ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్స్’ అని వెతికి, పబ్లిక్ కీ ఉండే సర్టిఫికెట్‌నూ ప్రైవేట్ కీనీ కలిపి పీఎఫ్‌ఎక్స్ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకో. దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి, అమ్మ బీరువాలో దాచు. ఈ పని కాకుండా ఒక్క క్లయింటు ఫైలూ ఆ ఫోల్డర్‌లో పెట్టకు.

మామూలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే, మెయిల్‌లో పంపితే ఎన్‌క్రిప్షన్ ఊడిపోవచ్చని గుర్తుంచుకో. ఫైలు పేర్లూ దాగవు, కనుక పేర్లలో పాన్ నంబర్లు రాయకు. నీ లాగిన్‌లో వైరస్ దూరితే అదీ నీలాగే చదివేస్తుంది. తమ్ముడు ఆటలకు నీ లాగిన్ వాడుతుంటే ఈరోజే వాడికి అడ్మిన్ హక్కుల్లేని వేరే ఖాతా తెరువు.

ల్యాప్‌టాప్ కొన్నాక బిట్‌లాకర్ కూడా పెట్టు, అది డిస్కు మొత్తానికీ వర్తిస్తుంది. దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద ప్రింటు తీసి ఆ బీరువాలోనే పెట్టు.

జూలైలో రిటర్నుల రద్దీ మొదలవకముందే ఇదంతా పూర్తిచేసి నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య