గీజరులో పేరుకొను సున్నము

కొత్తకోట పరిసరముల బోరునీటిలో సబ్బు నురుగు త్వరగా రాదని ప్రతి గృహిణికిని తెలియును. అదే నీటిని దినదినము కాచు పాత్ర గతి ఏమగునో ఆలోచించువారు తక్కువ. మనము తరగతిలో చదువు తాత్కాలిక కాఠిన్యము ఇచ్చట కంటికి కనబడును. వాననీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి రాతిపొరలలో ఇంకునపుడు కాల్షియం బైకార్బొనేటు అందులో చేరును. నీరు కాగగా వాయువు వెడలిపోయి, కాల్షియం కార్బొనేటు తెల్లని పెచ్చుగా మిగులును.

మన పెద్దల కాలమున రాగి హమాము ఉండెడిది. ఉర్దూ పేరే గాని, తెలుగు ఇండ్లలోను అదే మాట. నడిమి గొట్టములో నిప్పు, చుట్టును నీరు. మూత తీసి పెచ్చును గోకివేయుట సులభము. వెలుపల చింతపండుతో తోమెడివారు. పులుపు సున్నమును, చిలుమును కరిగించునని వారికి అనుభవమే నేర్పినది.

గీజరు మూసిన తొట్టి. లోపలి విద్యుత్ చుట్టపై సున్నము గట్టిపడిన వేడి నీటికి సరిగా అందక, చుట్టయే మితిమీరి కాగి మాడిపోవును. నీరు కాగునపుడు గులకరాళ్ళు దొర్లినట్టి చప్పుడు వచ్చుట తొలి గుర్తు. బోరునీరు వాడు ఇండ్లలో ఏడాదికొక పర్యాయము విప్పించి చూచుట మేలు. ఇంటి మెయిను స్విచ్చినే ఆపవలెను. గోడ స్విచ్చి కొన్నియెడల న్యూట్రలు తీగెను మాత్రమే త్రెంచునట్లు బిగించియుందురు. నీరు చల్లారిన పిదప రాక గొట్టము మూసి, తొట్టిని ఖాళీచేసి, పని తెలిసినవానిచే చుట్టను ఊడదీయించి నిమ్మఉప్పు ద్రావణమున నానబెట్టవలెను. బుడగలు లేచును, అది ఆ బొగ్గుపులుసు వాయువే. బజారులోని మురియాటిక్ ఆమ్లము లోహమునే తినివేయును. దానికి బ్లీచింగు పొడి తగిలినచో విషమైన క్లోరిన్ పుట్టును. లోపలి మెగ్నీషియం కడ్డీ తాను కరగి తొట్టిని తుప్పునుండి కాచును, సన్నబడిన మార్చవలెను.

మిక్కిలి జాగ్రత్త వలసినది రక్షణ కవాటము. 20 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు కాగినచో ఘనపరిమాణము నూటికి ఒకటిన్నర వంతు పెరుగును. 25 లీటర్ల తొట్టిలో అది మూడవవంతు లీటరుకు పైమాటే. ఆ ఒత్తిడిని వదలుటకే కవాటము చుక్కలు కార్చును. గోడ తడియుచున్నదని దానిని బిరడాతో బిగించువారు కలరు. థర్మోస్టాటు చెడిన దినమున అట్టి గీజరు బాంబువలె ప్రేలగలదు. సున్నము పట్టి కవాటము బిగిసిపోవుటయు అంతే ప్రమాదము గనుక దానిని మీటి నీరు వచ్చుచున్నదో లేదో చూడవలెను.

మరియొక మాట. కాచిన నీరు ఏ దోషము లేనిదని మన పల్లెలలో నమ్మిక. నల్లగొండ, మహబూబునగరు సీమల బాధయైన ఫ్లోరైడు కాచుటచే పోదు. నీరు ఆవిరియైనకొలది చిక్కబడును. గీజరు నీరు స్నానమునకే.

మరల బిగించిన పిమ్మట, వేడినీటి కుళాయినుండి గాలి తెగిపోయి నిండు ధార వచ్చువరకు స్విచ్చి వేయరాదు.