షుగరు రోగి కంటి ఖర్చు – ముందే లెక్క చూసుకుందాం

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. షుగరు ఉన్నవారు కంటి విషయంలో ఈ లెక్క ఆలస్యంగా చూస్తున్నారు. అందుకే ఈ పాఠం.

కంటికి ఏమవుతుంది?

కంటి లోపల వెనుకవైపు ఉండే పల్చని నరాల పొరను రెటీనా అంటారు. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేకపోతే అందులోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని నీరు, రక్తం కారతాయి. ఇదే డయాబెటిక్ రెటినోపతి. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. అందుకే చాలామంది పరీక్షకు రారు.

ఏ దశలో ఏ ఖర్చు?

1. తొలి దశ: షుగరు, బి.పి. అదుపు, క్రమంగా కంటి పరీక్ష. సాధారణంగా కంటికి వేరే చికిత్స అక్కరలేదు.

2. ముదిరిన దశ: లేజర్ చికిత్స. ఒకటి కంటే ఎక్కువసార్లు రావలసి ఉంటుంది.

3. రెటీనా మధ్యభాగం వాచితే: కంటిలోకి ఇంజక్షన్లు. ఒకటి, రెండుతో సరిపోదు. అమెరికాలో 2015లో ప్రచురితమైన ఒక పరిశోధనలో రోగులకు మొదటి ఏడాదే 9, 10 ఇంజక్షన్లు అవసరమయ్యాయి. అప్పుడు అక్కడ ఒక మోతాదు ధర బెవాసిజుమాబ్‌కు సుమారు 50 డాలర్లు, ఎఫ్లిబెర్సెప్ట్‌కు సుమారు 1,950 డాలర్లు. చూపు కొద్దిగా తగ్గినవారికి రెండూ ఒకేలా పనిచేశాయి. బాగా తగ్గినవారికి మొదటి ఏడాది ఖరీదైన మందే మెరుగు. కనుక మీకు ఏది సరిపోతుందో డాక్టరుగారిని మొహమాటం లేకుండా అడగండి.

4. కంటిలో రక్తం నిండితే, రెటీనా ఊడితే: విట్రెక్టమీ ఆపరేషన్. ఖర్చు పెట్టినా పాత చూపు పూర్తిగా రాకపోవచ్చు.

బిల్లులో కనబడని ఖర్చు

కూలికి వెళ్లే తల్లి ఏడాదిలో 9 సార్లు వస్తే 9 రోజుల కూలి పోతుంది. తోడు వచ్చిన కొడుకుదీ కలిపితే 18 రోజులు. బస్సు చార్జీలు, భోజనం వేరే. రెండు ఇంజక్షన్ల తర్వాత మానేసి, నెలలు గడిచాక రక్తం నిండిన కన్నుతో వచ్చేవారిని మేము చూస్తున్నాము. "డబ్బు లేక ఆగిపోయాము సిస్టర్" అంటారు. అప్పటికి ఖర్చు పెరిగింది, చూపు తగ్గింది. తప్పు వారిదే అనలేము. మొదటి ఇంజక్షన్ ఖర్చు చెప్పి, ఏడాది ఖర్చు చెప్పకుండా మేము పంపిన రోజులూ ఉన్నాయి. చికిత్సకు ముందే మొత్తం వివరంగా చెప్పడం మా బాధ్యత.

మీరు చేయవలసినవి

• పెద్ద వయసులో షుగరు బయటపడితే వెంటనే, తర్వాత డాక్టరు వేరుగా చెప్పకపోతే ఏడాదికోసారి, చుక్కల మందు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. అద్దాల కొట్టులో చేసే పరీక్ష దీనికి చాలదు.
• చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. తోడు తెచ్చుకోండి, బండి నడపవద్దు.
• షుగరు ఉన్న స్త్రీలు గర్భం ధరిస్తే తొలి నెలల్లోనే కళ్లు చూపించుకోవాలి.
• ప్రభుత్వ ఆరోగ్య పథకంలో మీ చికిత్స ఉందో లేదో ఆరోగ్యమిత్రను ముందే అడగండి.
• డబ్బు ఇబ్బంది ఉంటే చికిత్స మానకండి. ముందుగా మాతో చెప్పండి, దారి వెదుకుదాం.

ఏడాదికి ఒక్క పూట పోతుందని వెనుకాడకండి. చూపు ఉన్నప్పుడు వేసే లెక్కే చౌకైన లెక్క. దేవుడు మీ కన్నులను కాపాడును గాక.